సంక్రాంతి నాలుగు రోజులు, మూడు రకాల మసక

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో పక్షులు తక్కువ, మసక ఫొటోలు ఎక్కువ.

నా దగ్గరున్నది పాత నికాన్ డీ500 కెమెరా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, దానికి 200-500 ఎంఎం జూమ్ లెన్స్. రెండూ కలిపితే మూడు కేజీల పైమాటే. తీగ మీద కూర్చున్న లకుముకి పిట్టని తీయమంటే ఈక ఈకా లెక్కపెట్టేలా తీస్తాను, అదే పిట్ట ఎగిరిందంటే మాత్రం వందకి తొంభై ఐదు డిలీట్. లెన్స్‌లోనే ఏదో తేడా ఉందని గట్టిగా నమ్మి ఒక రిపేరు షాపుకి కూడా తీసుకెళ్లాను, వాళ్లు నాలుగు రోజులు ఉంచుకుని, క్యాలిబ్రేషన్ చేశామని డబ్బులు తీసుకుని ఇచ్చేశారు, ఏ మార్పూ లేదు.

ఈ సంక్రాంతికి మేం సూళ్లూరుపేట వెళ్లడం కాకుండా అత్తయ్యా మామయ్యా చెన్నై వేళచ్చేరిలో మా ఇంటికే వచ్చారు. మేడవాక్కంలో ఉండే మా బావమరిదికి నాలుగు రోజులు సెలవు, నాకూ అంతే. వాడికి కెమెరా లేదు కానీ బైనాక్యులర్ ఉంది, కారు ఉంది, నోరు ఉంది.

భోగి: పళ్లికరణై

ఐదున్నరకి బాల్కనీలోకి వస్తే ఎదురు అపార్ట్‌మెంట్ కనపడలేదు. మంచు అనుకునేరు, పొగ. పాత చాపలు, బట్టలు, ఎంత వద్దన్నా ఎవరో ఒకరు టైరు కూడా వేస్తారు, చెన్నైలో భోగి తెల్లవారడమే కళ్లమంటతో. కింద నుంచి ఫోను, "ఏంది బావా, నీ బిల్డింగే కనపడట్లేదు, పక్షులేం కనపడతాయి?" అయినా వెళ్లాం.

పళ్లికరణై గురించి తెలియనివాళ్లకి: రేడియల్ రోడ్డు ఒక పెద్ద చిత్తడి నేలని అడ్డంగా కోసుకుంటూ పోతుంది, అటు చూస్తే ఐటీ కంపెనీల అద్దాల బిల్డింగులు, ఇటు పెరుంగుడి చెత్త గుట్ట, గుట్ట మీద వందల గద్దలు, మధ్యలో మిగిలిన నీళ్లలో గూడబాతులు (పెలికాన్లు), కొంగలు, నీలం రంగు జంబుకోళ్లు. 2022లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా, రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. బస్సులు పోతుంటే రోడ్డు అదురుతూ ఉంటుంది, ఆ పక్కనే నిలబడి ఫొటోలు తీయాలి.

ఎనిమిదింటికి పొగ కాస్త పల్చబడింది. గూడబాతు లాంటి పక్షిని కూడా తీయలేకపోతే ఇంక ఏం తీస్తాం, లారీ అంత ఉంటుంది, తొందరేమీ లేకుండా ఎగురుతుంది. అలాంటిదాన్ని పట్టుకోవడానికి కూడా లెన్స్ ముందుకీ వెనక్కీ గీర్రు గీర్రుమని తిరిగి తిరిగి, ఫోకస్ పడేసరికి పక్షి తోక చూపించింది. మొదట పొగని తిట్టుకున్నాను. పొగది కొంత తప్పే, ఎందుకంటే ఈ ఫోకస్ వ్యవస్థ చీకటికీ వెలుతురికీ మధ్య ఉండే గీతల మీద ఆధారపడుతుంది, బూడిద రంగు ఆకాశంలో బూడిద రంగు పక్షి అంటే దానికి పట్టుకోవడానికి గీత దొరకదు. కానీ అసలు సంగతి లెన్స్ పక్కన ఉన్న చిన్న స్విచ్. అది 'ఫుల్' మీద ఉంది. అంటే ఒకసారి పక్షి తప్పిందంటే లెన్స్ 2.2 మీటర్ల దగ్గర నుంచి అనంతం దాకా మొత్తం వెతుక్కుంటూ వస్తుంది. దాన్ని 6 మీటర్ల నుంచి అనంతం అన్న వైపుకి జరిపితే దగ్గరి దూరాలన్నీ వదిలేస్తుంది. గూడబాతు ఆరు మీటర్ల లోపలికి వస్తే ఫొటో సంగతి తర్వాత, నేనే పరిగెత్తాలి. రెండేళ్లుగా ఆ స్విచ్ అక్కడే ఉంది, నేను ముట్టుకోలేదు.

పదిన్నరకల్లా 1,400 ఫొటోలు. ఇంటికొచ్చి స్నానం చేసి, బొబ్బట్లు తిని, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మామూలుగా అయితే మసకగా ఉన్నవి గబగబా డిలీట్ చేసేస్తాను. బావమరిది పక్కనే కూర్చుని ఒక మాట అన్నాడు, "బావా, తీసేసే ముందు ఒక్కోటీ ఎందుకు చెడిందో చూడొచ్చుగా, మా ఆఫీసులో బగ్ వస్తే లాగ్ చూడకుండా క్లోజ్ చేస్తే తంతారు." వాడన్నాడని ఒప్పుకోవడం కష్టమే గానీ, చూశాం.

కొన్నిట్లో పక్షి మసక, దాని వెనక తుంగ మాత్రం ఆకు ఆకూ స్పష్టం. అంటే లెన్స్ బాగానే పనిచేసింది, తప్పు చోట పనిచేసింది. ఇంకొన్నిట్లో ఎక్కడా ఏదీ స్పష్టంగా లేదు, నీటి మీద మెరిసే చుక్కలన్నీ ఒకే దిక్కుకి సాగిన చిన్న గీతలయ్యాయి, పక్షి అంచు రెండు గీతలుగా వచ్చింది. అది ఫోకస్ కాదు, కదలిక. షట్టర్ 1/800 సెకను పెట్టుకుని, 500 లెన్స్‌కి 1/500 చాలన్న పాతకాలం లెక్క ప్రకారం ఇది చాలులే అనుకున్నాను. ఈ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి చూపు 750 లెన్స్‌తో చూసినట్టు ఉంటుంది, పైగా ఆ లెక్క కదలని వస్తువుకి. మూడో రకం ఎండెక్కాక తీసిన కొన్ని ఫొటోల్లో ఉంది, అంచులు ఉడుకుతున్నట్టు వంకర్లు పోయాయి, అది అప్పటికి అర్థం కాలేదు, పక్కన పెట్టాం.

లెన్స్ మీద అనుమానం మాత్రం అదే సాయంత్రం తీర్చేసుకున్నాను. మేడ మీద ఒక చివర మామయ్యని తెలుగు క్యాలెండర్ పట్టుకుని నిలబెట్టి, ఇంకో చివర ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, వీఆర్ (చేతి వణుకుని లెన్స్ తనే సరిచేసుకునే ఏర్పాటు) ఆపేసి తీశాను. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం, అన్నీ చదవగలిగాను. "నా మొహం రాలేదేంది బాబూ?" అన్నారు మామయ్య. రిపేరు షాపుకి పోసిన డబ్బులు గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేదు.

సంక్రాంతి: ఊరూర్ కుప్పం

పండగ రోజు కాబట్టి ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉండాలని ఆర్డరు. బెసంట్ నగర్ బీచికి ఉత్తరం వైపు జాలర్ల ఊరు ఉంది, ఊరూర్ కుప్పం, అక్కడి నుంచి ఇంకాస్త నడిస్తే అడయారు నది సముద్రంలో కలిసే చోటు. గద్దలు, గరుడ పక్షులు, చలికాలం వచ్చే గోధుమరంగు తల సీగల్స్, కాకులైతే చెప్పక్కర్లేదు. పండగని పడవలు తక్కువే వెళ్లాయట, అయినా ఒకావిడ చేపలు శుభ్రం చేసి తలకాయలు పారేస్తుంటే పైన సంత జరుగుతోంది.

ఆరున్నర దాటాక సూర్యుడు వచ్చాడు, సరిగ్గా సముద్రం మీద నుంచి, మన మొహం మీదకి. పది నిమిషాలు నల్లటి ఆకారాలు తీశాక బుద్ధొచ్చి సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాను. బీచికొచ్చినవాళ్లంతా సముద్రాన్ని చూస్తుంటే నేనొక్కణ్నే గుడిసెల వైపు చూస్తున్నాను, ఒక పెద్దాయన వచ్చి ఏం పోయిందని తమిళంలో అడిగాడు.

ఆ పొద్దున నేర్చుకున్నదంతా వీఆర్ గురించి. ఈ లెన్స్‌లో దానికి రెండు పద్ధతులున్నాయి, నార్మల్, స్పోర్ట్. నేను ఎప్పుడూ నార్మల్‌లోనే ఉంచేవాణ్ని, పేరు బాగుంది కదా. గద్ద ఒక్కసారిగా కిందకి దూకినప్పుడు దానితోపాటు లెన్స్ తిప్పుతుంటే వ్యూఫైండర్‌లో బొమ్మ మొదట వెనక్కి లాగినట్టు అనిపించేది, తర్వాత వదిలేసినట్టు జారేది. వరసగా షట్టర్ కొడితే ఒక్కో ఫ్రేముకీ బొమ్మ కొంచెం ఎగిరేది. నా చెయ్యి వణుకుతోందని అనుకునేవాణ్ని. చెయ్యి వణుకుతుంది, కాదనను, కానీ ఆ లాగడం మాత్రం వీఆర్‌ది. నేను కావాలని తిప్పుతున్నానో, చెయ్యి జారుతోందో తేల్చుకోవడానికి దానికి కాస్త సమయం పడుతుంది, ఈలోగా చెయ్యి జారుతోందనే అనుకుని సరిచేస్తుంది. స్పోర్ట్‌లో పెట్టగానే ఆ బిగి పోయింది. నిలకడ నార్మల్ అంత ఉండదు, కానీ నేను ఎటు తిప్పితే అటు వస్తుంది. గద్ద లాంటి తిక్క పక్షికి అదే కావాలి.

ఇంకోటి, ఇది మాన్యువల్‌లో రాసే ఉంది, చదివేవాడెవడు. నేను ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనకనున్న ఏఎఫ్-ఆన్ బటన్‌కి ఇచ్చుకున్నాను, బొటనవేలితో ఫోకస్, చూపుడువేలితో క్లిక్. మంచి అలవాటే. అయితే ఏఎఫ్-ఆన్ నొక్కితే వీఆర్ మొదలవదు, షట్టర్ బటన్ సగం నొక్కితేనే మొదలవుతుంది, మొదలయ్యాక కుదురుకోవడానికి క్షణం పడుతుంది. అంటే ఇన్నాళ్లూ నేను బొటనవేలితో పక్షిని వెంటాడుతున్నంతసేపూ వీఆర్ నిద్రపోతూ ఉంది, సరిగ్గా క్లిక్ కొట్టే వేళకి లేస్తోంది. ఇప్పుడు పక్షి వైపు లెన్స్ ఎత్తగానే రెండు వేళ్లూ దిగుతాయి.

అసలు వీఆర్ పూర్తిగా ఆపేస్తే? అదీ చూశాను. షట్టర్ 1/3200 పెట్టి ఆన్‌లో నలభై, ఆఫ్‌లో నలభై. ఫొటోల్లో నాకు తేడా కనపడలేదు, అంత వేగంలో చెయ్యి కదిలే లోపే పని అయిపోతుంది. తేడా అంతా కంటికి. వీఆర్ లేకపోతే వ్యూఫైండర్‌లో పక్షి అటూ ఇటూ గంతులేస్తుంది, ఫోకస్ బిందువుని దాని మీద నిలపడం కష్టం, అది నిలవకపోతే మొదటి రకం మసక. ఎగిరే పక్షికి వీఆర్ ఫొటో కోసం కాదు, గురి కోసం. ఎవరైనా నన్నడిగితే స్పోర్ట్‌లో పెట్టి మర్చిపొమ్మంటాను.

ఫోకస్ ఏఎఫ్-సీలో ఉంది, అంటే కదిలేదాన్ని ఆగకుండా వెంటాడే పద్ధతి, అందులో సందేహం లేదు, ఎగిరే పక్షికి ఇంకోటి లేదు. బిందువులు మాత్రం గ్రూప్ ఏరియా పెట్టాను, ఐదు బిందువులు కలిసి ఒకటిగా పనిచేస్తాయి, వాటి కింద ఏది దగ్గరగా ఉంటే దాన్ని పట్టుకుంటుంది. ఖాళీ ఆకాశంలో గద్దకి ఇంతకన్నా సుఖం లేదు. చిక్కల్లా కాకులతోనే. గరుడ పక్షి చేప తల పట్టుకుని నా ఎదురుగా, ఎండ మొత్తం దాని ఎర్ర రెక్క మీద పడుతూ, ఇంక అంతకన్నా ఏం కావాలి, మధ్యలో కాకి అడ్డం వచ్చింది, ఫోకస్ కాకి మీదకి దూకింది, తిరిగి రాలేదు. పదకొండు ఫ్రేములు. ప్రపంచంలో ఇంత స్పష్టమైన కాకి ఫొటో ఎవరి దగ్గరా ఉండదు.

ఎనిమిదీ నలభైకి ఇంట్లో ఉన్నాను. పది నిమిషాలు ఆలస్యం. దాని గురించి రాయను.

కనుమ: వేడంతాంగళ్

"కనుమ నాడు కాకైనా కదలదు అంటారు," అంది మా ఆవిడ, నేను బ్యాటరీలు చార్జింగ్ పెడుతుంటే. నిన్న కాకులు ఎంత కదిలాయో ఫొటోలు చూపించాను, ప్రయోజనం లేదు. గారెలు తిని, మధ్యాహ్నం బయలుదేరి, చీకటి పడగానే వచ్చేసే ఒప్పందం మీద వదిలారు. నిజానికి పొద్దున్నే వెళ్లడం కన్నా అదే మంచిదయింది, మేతకి పోయిన పక్షులు గూటికి చేరేది సాయంత్రమే.

జీఎస్టీ రోడ్డు మీద చెంగల్పట్టు దాటాక పడాళం దగ్గర కుడివైపు తిరగాలి, చెన్నై నుంచి ఎనభై కిలోమీటర్ల లోపే. ఊరి చెరువు అంతే, ముప్పై హెక్టార్లు కూడా కష్టం, నీళ్లలో మునిగి నిలబడ్డ చెట్లు, చెట్ల నిండా పక్షులు. 1798లో అప్పటి కలెక్టరు లయొనెల్ ప్లేస్ ఇక్కడ వేట కుదరదని ఊరివాళ్లకి హక్కు రాసిచ్చాడట. ఊరివాళ్లకి పక్షుల మీద ప్రేమతోపాటు లెక్క కూడా ఉంది, రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే పొలానికి వేరే ఎరువు అక్కర్లేదు.

గట్టు మీద జనం, పల్లీలు, పిల్లల ఏడుపులు. నాలుగున్నర నుంచి పెయింటెడ్ స్టార్కులు, అంటే ఒక రకం పెద్ద కొంగలు, రావడం మొదలైంది, కొన్ని నోట్లో పుల్లలతో. ఇక్కడ నిన్నటి గ్రూప్ ఏరియా పూర్తిగా బోర్లా పడింది. పక్షి చెట్టు ముందుకి రాగానే దగ్గరగా ఉన్న కొమ్మ ఏదో ఒకటి ఫోకస్‌ని లాగేసుకుంటోంది. ఒక్క బిందువు పెట్టాను, అంత సన్నగా గురి పెట్టడం నా వల్ల కాలేదు. చివరికి 25 బిందువుల డైనమిక్‌లో కుదిరింది, మధ్య బిందువు ముఖ్యం, పక్షి దాన్ని తప్పించుకుంటే చుట్టుపక్కలవి కాసేపు ఆదుకుంటాయి.

దానితోపాటు మెనూలో ఏ3 అని ఒకటుంది, అడ్డం ఏదైనా వస్తే కెమెరా ఎంతసేపు ఓపిక పట్టాలో 1 నుంచి 5 దాకా చెప్పొచ్చు. ఒకటంటే వెంటనే కొత్తదాని మీదకి దూకుతుంది, ఐదంటే పాతదాన్నే నమ్ముకుని ఆగుతుంది. ఎవరో చెప్పారని నేను 1లో ఉంచుకున్నాను, చురుకుగా ఉంటుంది కదా అని. నిన్నటి కాకి రహస్యం ఇదే. 4కి మార్చాను. ఒక స్టార్కు రెండు కొమ్మల వెనక నుంచి వెళ్లి ఇవతలికి వచ్చింది, ఫోకస్ దాని మీదే ఉంది, కారులో తిరిగొచ్చేటప్పుడు ఈ మాట బావమరిదికి నాలుగుసార్లు చెప్పానట. అయితే ఈ ఓపికకి ఇంకో వైపు ఉంది, మొదట్లోనే తప్పు చోట పట్టుకుంటే ఆ తప్పుని కూడా అంతే ఓపికగా పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు బొటనవేలు ఎత్తి మళ్లీ నొక్కాలి. మొండికేసిన టీవీ రిమోట్‌ని నొక్కినట్టు టక్ టక్‌మని నొక్కడం, అంతకన్నా శాస్త్రం లేదు.

పక్షి రాకముందే అది దిగబోయే చెట్టుకి ఫోకస్ చేసి ఉంచుకోవడం ఇంకా మంచి ఉపాయం. లెన్స్ అప్పటికే ఇంచుమించు ఆ దూరంలో ఉంటుంది, పక్షి ఫ్రేములోకి రాగానే మసక మచ్చలా కాకుండా పక్షిలా కనపడుతుంది, కెమెరాకీ పట్టుకోవడం సులువు. స్టార్కులు దిగే ముందు కాళ్లు వేలాడేసి గాలికి ఎదురుగా తిరుగుతాయి, గాలి ఎటు నుంచో ఒకసారి చూసుకుంటే అవి మొహం చూపిస్తాయో తోక చూపిస్తాయో ముందే తెలిసిపోతుంది.

పక్కన ఒక కాలేజీ కుర్రాడు, కొత్త మిర్రర్‌లెస్ కెమెరా. వాడి తెరలో పక్షి కంటి మీద చిన్న పెట్టె తనంతట తనే వచ్చి కూర్చుంటోంది. నాకు కడుపు మండింది, దాచుకోను. కానీ కాసేపయ్యాక వాడూ గొణుక్కోవడం మొదలుపెట్టాడు, చెట్టు మీద రెండు వందల కళ్లుంటే పెట్టె ఎగిరే పక్షిని వదిలి గూట్లో కూర్చున్నదాన్ని ఎంచుకుంటోంది. చివరికి వాడూ వెతికే జాగాని చిన్నది చేసుకున్నాడు. వాడి లెన్స్‌లో స్థిరీకరణకి మూడు పద్ధతులున్నాయి, ఒకటి మామూలుది, ఒకటి ఒక దిక్కుకి తిప్పుతూ తీయడానికి, మూడోది క్లిక్ కొట్టిన క్షణంలో మాత్రమే పనిచేసేది. స్టార్కులకి వాడు మూడోది వాడుతున్నాడు, ఆ ఆలోచన నా స్పోర్ట్‌కి పిన్నికొడుకు లాంటిదే.

ఐదున్నరకి వెలుతురు తగ్గి ఐఎస్ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, 3200 దాటింది. లెన్స్ కంత ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. స్టార్కు రెక్క నెమ్మది కాబట్టి 1/1250కి దిగాను, అది నడిచింది, 1/800లో కన్ను స్పష్టంగా ఉండి రెక్క చివర్లు మాత్రం కరిగాయి, అలాంటివి నాకు నచ్చుతాయి కూడా. వెలుతురు పూర్తిగా పోయాక ఆట కోసం 1/60 పెట్టి పక్షితోపాటు నడుం తిప్పుతూ తీశాను, అరవైలో రెండు వచ్చాయి. ఇంటికి చేరేసరికి తొమ్మిది.

ముక్కనుమ: సూళ్లూరుపేట

ఇక్కడ తమిళులకి ఇది కాణుం పొంగల్, ఊరు ఊరంతా బీచికి, జూకి బయలుదేరే రోజు. మేం ఎదురు దిక్కున, అత్తయ్యా మామయ్యల్ని ఊళ్లో దించడానికి. రెడ్‌హిల్స్, గుమ్మిడిపూండి, ఆరంబాక్కం, తడ. బోర్డులు తెలుగులోకి మారగానే మామయ్య నిటారుగా కూర్చున్నారు.

శ్రీహరికోట రోడ్డెక్కేసరికి పదకొండు. ఆరింటికి రావలసిన చోటుకి పదకొండింటికి వస్తే ఏమవుతుందో చెప్తాను. పులికాట్ సరస్సు మధ్య నుంచి రోడ్డు, అటకానితిప్ప దగ్గర రెండు వైపులా పల్చటి నీళ్లు, దూరంగా తెల్లటి గీతలా ఫ్లెమింగోలు. ఒక గుంపు లేచింది. నీళ్ల మీద పరిగెత్తి, మెడ ఒక వైపూ కాళ్లు ఒక వైపూ చాచి, రెక్క విప్పగానే లోపలి ఎరుపూ నలుపూ. స్పోర్ట్, 1/2500, గ్రూప్ ఏరియా, ఖాళీ ఆకాశం, వేళ్లు రెండూ సమయానికి దిగాయి, నాలుగు రోజుల చదువంతా పెట్టాను. తెర మీద పెద్దది చేసి చూస్తే అన్నీ ఉడుకుతున్నాయి. పళ్లికరణైలో పక్కన పెట్టిన మూడో రకం. మామయ్య చూసి, "ఎండమావి బాబూ, తారు రోడ్డు మీద కనపడదూ, అదే," అన్నారు. వేడెక్కిన నేల మీద గాలి పొరలు కదులుతుంటే పక్షికీ లెన్స్‌కీ మధ్య అర కిలోమీటరు గాలి అలలాడుతుంది, ఫోకస్ కూడా ఆ అలల్లోనే తడుముకుంటుంది. దీనికి స్విచ్ లేదు. పొద్దున్నే రావాలి, లేదా దగ్గరికి పోవాలి, రెండూ కుదరకపోతే బైనాక్యులర్ తీసుకోవాలి. బావమరిది అప్పటికే అదే పని చేస్తున్నాడు, "ఏముండాయి బావా!" అంటూ.

మధ్యాహ్నం చేపల పులుసు. ఆ తర్వాత కదలబుద్ధి కాలేదు గానీ నాలుగింటికి నేలపట్టు వెళ్లాం, దొరవారిసత్రం దగ్గర, గూడబాతులు గుడ్లు పెట్టే చెరువు. ఇక్కడ అవి తల మీద నుంచే పోతాయి, మధ్యలో గాలి చాలా తక్కువ. మొదటిది వచ్చింది, ఎత్తాను, లెన్స్ గీర్రుమని దగ్గరి దూరానికి పోయి తిరిగొచ్చింది. రెండోదీ అంతే. చూస్తే స్విచ్ 'ఫుల్' మీద ఉంది, బ్యాగులో రాసుకుని జరిగిపోయినట్టుంది. వీఆర్ కూడా నార్మల్‌లోకి వచ్చి కూర్చుంది. నేను తిడుతుంటే అత్తయ్య హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, మనవడి మోకాలికని ఉంచిన ప్లాస్టర్ రెండు ముక్కలు తీసి ఇచ్చారు, స్విచ్‌లు రెండూ సరైన చోట పెట్టి అంటించేశాను.

తర్వాతి గూడబాతు కింద నుంచి వెలుగు పడి, సంచీలో రక్తనాళాలు కూడా కనపడేలా వచ్చింది. ఇరవై రెండు ఫ్రేముల్లో పంతొమ్మిది. మామయ్య తెరలోకి తొంగి చూసి, ఈసారి మొహం బాగా వచ్చిందన్నారు.